చిన్నాయన గీసిన పిల్ల

తాండూరులో ఫోటోలు పెద్దవి చేసే దుకాణాయన మొన్న సాయంత్రం మా అక్క పటాన్ని స్వయంగా ఇంటికి తెచ్చిచ్చాడు. తెల్లవారితే అక్క దశదినకర్మ. పాత ఫోటో నిండా మరకలు పడ్డాయనీ, కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కటి మిగలకుండా తుడిచేశాననీ సంతోషంగా చెప్పి, చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. పాపం, ఆయన తప్పేముంది? ఆ మరకల్లో సగం మా అక్క ముఖానివేనని ఆయనకెవరు చెప్పారు? బావ ఆ పటాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసి, గోడవైపు తిప్పి పెట్టేశాడు. నాకేమో మా చిన్నాయన పెన్సిలు గుర్తొచ్చింది.

పోలీసు చర్య జరిగిన ఏడు అక్కకు అమ్మవారు పోసింది. నేనప్పుడు చంకలో పిల్లను. అక్క ప్రాణం దక్కింది కానీ ముఖమంతా గుంటలు మిగిలాయి. వాటి సంగతి ఆమెకు పట్టేది కాదు; పట్టింపంతా చిన్నాయనకే. దోమ అనే ఊరి వైపు గొర్లు కాసుకునే మా ఇంట్లో కెమెరా పట్టిన మొదటివాడు ఆయన. వికారాబాదు స్టేషను దగ్గర చిన్న స్టూడియో పెట్టాడు. గిరాకీ అంతా అనంతగిరి మీది క్షయ ఆసుపత్రి నుంచే. జబ్బు కాస్త నయమైనవాళ్లు కొండ దిగొచ్చి, ఇంటికి పంపడానికి ఫోటో దిగేవాళ్లు. ఆ పీక్కుపోయిన ముఖాలను అలాగే పంపితే ఇంట్లో ఏడుపులు. అందుకని చిన్నాయన నెగెటివు గాజుపలకను వెలుతురుకు ఎదురుగా పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిలుతో బుగ్గలు నింపేవాడు. నెలల తరబడి పాలు తాగి గుడ్లు తిన్నా రాని కండ ఆయన చేతికింద గంటలో వచ్చేది. బజారువాళ్లు ఆయన్ని బుగ్గల డాక్టరు అనేవాళ్లు. "ఫోటో జూస్తే ఇంటోళ్ల ఫికర్ పోవాలె బిడ్డ, పెరగొద్దు" అనేవాడు నాతో.

నేను హైదరాబాదులో బొమ్మలు వేయడం నేర్చుకుంటున్న రోజుల్లో అక్కకు తాండూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి అచ్చాఫీసులో సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటరు. ముందు ఫోటో పంపమన్నారు. అంతకుముందు చూడవచ్చిన వాళ్లంతా వచ్చిన దారినే పోయారు. ఇదీ తప్పిపోతే ఇక ఎవరి గడపా ఎక్కనని నాయిన చెప్పేశాడు. "మచ్చలు దియ్యకు చిన్నాయనా, రేపు వాళ్లింట్ల తిరిగేది నేను గద" అంది అక్క. చిన్నాయన సరే సరేనని తలూపి, ఆమె అటు పోగానే పెన్సిలు చెక్కాడు. ఆ దిద్దుబాటు పనిలో ఆయన చేయి ఎంత మెత్తగా కదులుతోందో చూసి ముచ్చటపడ్డాను. గుంట తర్వాత గుంట పూడుతూ మా అక్క మాయమైపోతుంటే ఒళ్లు మండింది కూడా. వద్దన్నాను. చదువుకున్నదానివి నీకేం తెలుసని కసిరాడు.

పెళ్లిచూపులకు వచ్చిన కంపోజిటరు అక్కను చూశాడు, జేబులోంచి ఫోటో తీసి దాన్నీ చూశాడు. నాయిన తల వాల్చేశాడు. చిన్నాయన తన కెమెరా తోలుసంచికి లేని దుమ్ము దులపసాగాడు.

"గీ ఫోటోల ఉన్న పిల్ల ఎవరు?" అన్నాడు కంపోజిటరు.

"అది మా చిన్నాయన గీసిన పిల్ల. నేను గిక్కడున్న" అంది అక్క, తల ఎత్తి.

ఆయన పడీపడీ నవ్వాడు. "గట్లయితే గా పిల్లను మీరే ఉంచుకోండ్రి. గీమె ఫోటో ఒకటి తీసి నాకియ్యిండ్రి" అన్నాడు.

చిన్నాయన జీవితంలో పెన్సిలు ముట్టకుండా కడిగిన ఫోటో అదొక్కటే. అది ఇచ్చేటప్పుడు ఆయన మొహం చూడాలి, బట్టలు లేకుండా బజారుకు వచ్చినట్టు ముడుచుకుపోయాడు. బావ దాన్ని అంగీ జేబులో పెట్టుకుని చెమటకూ వానకూ తిప్పాడు. పెళ్లిపత్రిక తనే పేర్చుకున్నాడు. అచ్చాఫీసులో ఉన్నవాటిలోకల్లా పెద్ద అక్షరాలు అక్క పేరుకు వాడి, తన పేరు చిన్న అక్షరాల్లో ఇరికించాడు. పెద్దలు నానా తిట్లూ తిట్టారు. ఆ సెలవుల్లో నేను అచ్చాఫీసుకు వెళ్లి చూశాను. సీసంలో అక్షరం తిరగబడి ఉంటుంది, గాజుపలక మీద తెలుపు నల్లగా ఉంటుంది. తిరగేసి చూస్తూ సరైనదాన్ని పోల్చుకోవడమే మా ఇంట్లో ఇద్దరి పనీ. కళాశాలలో నాకెవరూ ఇంత తేలికగా చెప్పలేదు.

మొన్న దీపాలు పెట్టే వేళకు బావ పటాన్ని మళ్లీ ఇటు తిప్పి నన్ను అడిగాడు. "మరదలా, గీ పిల్ల ఎవరు?"

ఈసారి జవాబు చెప్పడానికి అక్క లేదు. నాకు ఏడుపొచ్చింది. మళ్లీ చేయించే వ్యవధి లేదు. పటానికి అద్దం తీసి, సన్న కుంచె, బూడిదరంగు ముందు పెట్టుకుని కూర్చున్నాను. తీరా చూస్తే పాత ఫోటోలో ఏది మచ్చో ఏది చెమట మరకో తెలియడం లేదు. బావ మంచం మీద వాలి కళ్లు మూసుకున్నాడు. "ఎడమ కంటి కింద రెండు. ముక్కు పక్కన ఒకటి, జర పెద్దది. గడ్డం మీద సన్నయి, దగ్గర దగ్గర" అంటూ చెప్పుకుపోయాడు. అచ్చాఫీసు అక్షరాల పెట్టెలో ఏ అక్షరం ఏ గదిలో ఉందో చూడకుండానే తీసిన మనిషి. ఆయన చెప్పినచోటల్లా నేను చుక్క పెట్టాను. చివరికి పటాన్ని చూసి, "ఆఁ, గిప్పుడొచ్చింది" అని దండ అందుకున్నాడు.

కాలం అన్నింటినీ చెరిపేస్తుందంటారు. చెరపనీ. కళ్లు మూసుకుని కూడా ఏ మచ్చ ఎక్కడుందో చెప్పగల మనిషి ఒక్కడు మిగిలి ఉన్నంతకాలం దాని పని పూర్తికాదు.