బాపు కాపాడిన కాలుపలక

మా ఓనర్ బాపు పోయిన కబురు అందినప్పుడు నేను కాలేజీలో ప్రాక్టికల్స్ చేయిస్తున్నాను. ఫోన్లో ఆయన పెద్దకొడుకు "అక్కా, నాయిన లేడు" అన్నాడు.

పేట్ బషీరాబాద్‌లో వాళ్ల పై వాటాలోకి అద్దెకు దిగినప్పుడు ఆయన నాకు ఓనర్ మాత్రమే. ఎప్పటి నుంచి బాపు అయ్యాడో గుర్తులేదు. తెల్లచొక్కా, పెద్ద గొంతు. అలియాబాద్ దగ్గర సొంత పొలాలను ప్లాట్లు చేసి అమ్మేవాడు. నేను బాటనీ చెబుతానని, కరివేపాకు చెట్టు వాడిపోయినా నన్నే పిలిచేవాడు.

ఒక ఆదివారం తన వెంచర్ చూపిస్తానని తీసుకెళ్లాడు. అక్కడొక పెద్ద బండ. దాని మీద పసుపూ కుంకుమా కలిపి అద్దినట్టు మచ్చలు.

"ఎవడో పూజ జేసిండు" అన్నాడు.

పూజ కాదు, ప్రాణమున్నవేనని చెప్పాను. నాచు, బూజు ఒకటై, రాతికి పెచ్చులా అతుక్కుని బతికే జీవం. పేరు కాలోప్లాకా.

"కాలుపలకనా?"

నవ్వాపుకున్నాను. "ఇవి గోరు మందం పెరగాలన్నా ఏండ్లు పడుతుంది బాపూ. గీ అరచెయ్యంత మచ్చ మీ తాతకన్నా పెద్దదేమో."

బండ మీద నిలబడ్డ ఆయన వంగి చెప్పులు విడిచి పక్కన పెట్టాడు. "పెద్దోళ్ల మీద చెప్పులేసుకొని నిలవడొద్దు బిడ్డా."

రోడ్డు కోసం ఆ బండను పేల్చాలని అప్పటికే అనుకున్నారు. బాపు వద్దనేసరికి వెంచర్‌లో ఆయన భాగస్థుడు మండిపడ్డాడు. ఇద్దరూ చిన్నప్పటి దోస్తులు. అక్కడున్న మేస్త్రీ మధ్యలో వచ్చి, "చిన్న గుడి కడదాం, ఎవ్వడు ముట్టడు" అన్నాడు. బాపు నా వైపు చూశాడు. నూనె, రంగులు పడితే అవి చచ్చిపోతాయన్నాను.

"అయితే గుడొద్దు. దేవుని పేరు జెప్పి సంపుడెందుకు?"

రోడ్డునే పక్కకు జరిపించాడు. దోస్తు విడిపోయాడు. సుచిత్ర చౌరస్తాలో ఎదురుపడినా పలకరించలేదని చెబుతూ బాపు మొహం తిప్పుకున్నాడు. నావల్లే కదా అని నేను కుమిలిపోతుంటే, "నువ్వు చెప్పినవ్. ఇన్నది నేను" అన్నాడు. ఇంతకాలంగా పాఠాలు చెబుతున్నాను. నా మాటను అంత బరువుగా మోసినవాళ్లు మరొకరు లేరు.

ఊపిరాడని జబ్బుతో మంచం పట్టాక కూడా అడిగేవాడు. "కాలుపలక ఏమన్న పెరిగిందా?"

"లేదు బాపూ."

"మంచిగైంది. మన దిక్కు పెరగంది గదొక్కటే." నవ్వబోతే దగ్గు వచ్చేది.

దినాల రోజు అలియాబాద్ వెళ్లాను. హైవే నుంచి వెంచర్ దాకా స్తంభాలన్నిటికీ ఆయన ఫ్లెక్సీలే. బండకు మాత్రం ఎవరూ ఏమీ కట్టలేదు. తుంపర మొదలైంది. తడిసేకొద్దీ రాయి నల్లబడుతుంటే మచ్చలు నిప్పుకణికల్లా తేలుతున్నాయి. అవతలి పక్కన ఆయన పాత దోస్తు, గొడుగు లేకుండా, ఒక్కడే నిలబడి వాటినే చూస్తున్నాడు.