మోచేతికి అందిన యాప్

మాంసం కొట్టు నడిపే అతనివి ఎముకలు నరికి నరికి ఆంబోతు మూపురాల్లా బలిసిన భుజాలు. చేతులెప్పుడూ నెత్తుటి జిడ్డే కాబట్టి పుస్తకం పట్టుకోలేడు. అందుకని టాబ్లెట్ కొని గోడకు తగిలించాడు. చదువుకునే యాప్‌లో పేజీ తిప్పబోతే తెరంతా ఎర్రబడింది. పుస్తకాలు చదివి వినిపించే యాప్‌లలో ఒకటి చావు కబురు కూడా బస్సుల వేళల్లా చదివింది. ఇంకోదానికి పెద్ద మీట ఉంది. కత్తి చప్పుడులో మాట పోతే మోచేత్తో నొక్కగానే అర నిమిషం వెనక్కి వెళుతుంది. దాన్నే ఉంచుకున్నాడు.

ఆ రోజు నవలలో ఒక పిల్ల నూతిలో పడి ఊపిరాడక కొట్టుకుంటోంది. అతను ఆ ముక్కే మూడుసార్లు విన్నాడు. కొట్టులో వాటా ఉన్న బావమరిది విసిగిపోయి టాబ్లెట్ పీకి, నెత్తుటి నీళ్ల బకెట్‌లో పడేశాడు. చదివే గొంతు బుడగలై ఆగిపోయింది. మరుక్షణం ఒక్క గుద్దుకి బావమరిది పళ్లు రెండు రాలాయి, మెడ మొద్దు మీదికి వంగింది, కత్తి పైకి లేచింది.

"చంపకు బావా! ఆ పిల్ల బతుకుతుంది! నువ్వు అన్నానికెళ్లినప్పుడు నేను చివరిదాకా విన్నాను!"

కత్తి చెవికి అంగుళం దూరంలో మొద్దులో దిగబడింది. అతను బావమరిదిని లేపి కూర్చోబెట్టి, మూతి నెత్తురు తుడిచి, చెంప ఛెళ్లుమనిపించాడు.

"ముగింపు ముందే చెప్పేస్తావట్రా? నూతి దగ్గర్నుంచి వరసగా చెప్పు."