పగలని అద్దం

చందాలతో పాత కట్టడాల్ని కాపాడే సంస్థ చేతికి వచ్చిన మేడ అది. దానికి కాపలాదారు ఆయన. భుజం మీంచి తడిగుడ్డ దిగదు కాబట్టి అందరికీ గుడ్డ మామయ్య. పొద్దున్నే మెట్ల కమ్మీలు, కిటికీలు, తలుపు పిడులు తుడిచేవాడు. ఎక్కడైనా వేలిముద్ర కనిపిస్తే తన మొహానికే మసి అంటినట్టు విలవిల్లాడేవాడు. మెట్ల పక్క గోడ బీట వారితే, ఆ బీటకి అడ్డంగా ఇంజనీరు వేలెడంత అద్దం ముక్క అతికించాడు. దాన్ని మాత్రం మామయ్య ఊపిరి బిగబట్టి తుడిచేవాడు. అదెందుకో ఆయన అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఏటా ఇంజనీరు వచ్చి చూసి, "భేష్, చెక్కుచెదరలేదు" అనేవాడు. ఆ మాటకి మామయ్య నెలరోజులు మురిసిపోయేవాడు.

మొన్నటి వానలకి ఆ గోడ కూలింది. కింద మెట్లు ఊడుస్తున్న ఆయన భార్య మళ్ళీ లేవలేదు.

రాళ్ళగుట్ట ముందు ఇంజనీరు తల పట్టుకున్నాడు. "గోడ కదిలితే అద్దం పగలాలి మామయ్యా, అందుకే పెట్టాం. ఒక్కసారైనా పగల్లేదే!"

"మూడుసార్లు పగిలింది బాబూ," అన్నాడు మామయ్య, గుడ్డని మెలిపెడుతూ. "నా చెయ్యే తగిలిందనుకున్నా. మాట పడాల్సొస్తుందని, అలాంటి ముక్కే కోయించి అతికించేశా. అతుకు ఆరేదాకా మా ఆవిడే పట్టుకుని నిలబడింది."