నాయన చెప్పిన కొత్త సెలవులు

మా ఇంట్లో ఏడాదిని సెలవులతో కొలిచేవాళ్లం. దసరాకు పది రోజులు, క్రిస్మస్‌కు పది రోజులు, ఎండాకాలం రెండు నెలలకు కాస్త తక్కువ. అమ్మ గుడియాత్తంలో ఆడపిల్లల బడిలో టీచరు. నాయన చిత్తూరులో హైస్కూలు మాస్టరు. మధ్యలో కాట్పాడిలో రైలు మారాలి, అంతే. కానీ ఆదివారాలు కూడా ఆయనకు పైతరగతి పిల్లల చదువులతో గడిచిపోయేవి. అందుకని సెలవు ఇచ్చిన సాయంత్రమే బయలుదేరి వచ్చేవాడు. రెండు బళ్లూ మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి గనుక ఇద్దరికీ సెలవులు కలిసే వచ్చేవి.

తెలుగు అక్షరాలు నేను ఆ ఎండాకాలం సెలవుల్లోనే నేర్చుకున్నాను. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం గానీ అమ్మ చదివిందీ, బడిలో చెప్పేదీ అరవమే. అమ్మమ్మకు ఏ అక్షరాలూ రావు. నాయన ఒక్కడే తెలుగు రాసేవాడు. పొద్దున్నే అరుగు మీద కూర్చోబెట్టి నా చేత పలక మీద దిద్దించేవాడు. ఆయన అక్షరాల తలకట్టు కుడివైపుకు పైకి ఎగిరేది. నన్నూ అలాగే రాయమనేవాడు. తొమ్మిదేళ్లు వచ్చేసరికి ఆయన ఉత్తరాలు అమ్మకు చదివి వినిపించే పని నాదైంది.

ఆంధ్ర రాష్ట్రం విడిపోయినప్పుడు చిత్తూరు అటు పోయింది, మేము ఇటు మిగిలాం. మొదటి ఏడు మాకేమీ మారలేదు. రెండో ఏడు దసరాకు నాయన రాలేదు. ఉత్తరం వచ్చింది.

అటువైపు బళ్లలో సెలవులు మారుస్తున్నారని రాశాడు. ఎండాకాలం అంత పొడుగు సెలవు ఇస్తే పిల్లలు చదివినదంతా మరిచిపోతున్నారట. అందుకని దాన్ని ఇరవై రోజులకు కుదించి, మిగిలిన రోజులను ఏడాది పొడవునా మూడేసి, నాలుగేసి రోజులుగా పంచుతారట. ఆ చిన్న సెలవుల్లోనూ మాస్టర్లు బళ్లోనే ఉండి పేపర్లు దిద్దాలట. అందుకే రాలేకపోయానని, పిల్లలు జాగ్రత్త అని ముగించాడు.

అమ్మకు బాధ కలిగినా, టీచరు కాబట్టి ఆ పద్ధతి సబబుగానే తోచింది. జూన్‌లో పిల్లలకు మళ్లీ మొదటినుంచీ చెప్పాల్సి వస్తుందని, ఆడపిల్లలైతే కొందరు ఎండాకాలం పోయి మళ్లీ రానే రారని, మధ్యమధ్యలో చిన్న సెలవులుంటే అట్లా జరగదని మాకు వివరించింది. తమ బళ్లో పెద్ద టీచరమ్మకు కూడా చెప్పిందట. ఆవిడ ఆశ్చర్యపోయి, ఆ కొత్త పట్టిక ఒకటి తెప్పించమని అడిగిందట. అమ్మ ఆ మాట నా చేత నాయనకు రాయించింది. జవాబులో పట్టిక మాట లేదు.

క్రిస్మస్ సెలవుల్లో ఒక్క పూట వచ్చాడు. వస్తాడని మాకు తెలియదు. చెల్లెలికి అప్పుడు మూడేళ్లు. ఎప్పుడు వచ్చినా అది ఆయన ఎదమీదే నిద్రపోయేది. ఆరోజు పరుగెత్తుకుపోతే చేయి అడ్డం పెట్టి ఆపేశాడు. ఒళ్లంతా రైలు మసి అన్నాడు. స్నానం చేశాక కూడా దాన్ని ఎత్తుకోలేదు. లోపలికి రాకుండా అరుగు మీదే కూర్చున్నాడు. భోజనానికి తన కంచం వద్దని, ఆకు వేయమన్నాడు. తిన్నాక ఆకును తానే మడిచి తీసుకుపోయి, పెరటి గోడ అవతల పారేసి వచ్చాడు. గుంట పడిన చెంపలు చూసి అమ్మ అడిగితే హోటలు తిండి అన్నాడు. పొద్దు వాలకముందే బండికి వెళ్లిపోయాడు. వీధి మలుపు దాకా నేను వెంట నడిచాను. దారంతా నాకు రెండడుగులు ముందే ఉన్నాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

ఆ తర్వాత అమ్మమ్మ, అమ్మ గుసగుసలాడుకోవడం మొదలైంది. నేను వస్తే ఆపేసేవాళ్లు. ఒకరోజు పెరట్లో చింతపండు గింజలు తీస్తూ అమ్మమ్మ, నేను తలుపు వెనక ఉన్నానని తెలియక, మెల్లగా అంది.

"మొగోడు ఇంట్లో కంచం వద్దన్నాడంటే వాడికి యాడో ఇంకో కంచం ఉండాదని లెక్క."

అమ్మ గింజలు తీస్తూనే ఉంది.

ఉగాదికి ముందు ఇంకో ఉత్తరం వచ్చింది. విప్పి చూశాను. అక్షరాలు నాయనవి కావు. తలకట్లు చదునుగా, గీత గీసినట్టు ఉన్నాయి. మాటలు మాత్రం ఆయనవే: ఉగాదికి రావడం కుదరదు, ఎండాకాలం సెలవు మే నెల చివర ఇస్తారు, అప్పుడు మాస్టర్లందరికీ ఏదో శిక్షణ, మీరు బయలుదేరి రావద్దు, ఇక్కడ ఉండడానికి చోటు లేదు.

అమ్మ ఎదురుగా కూర్చుని నా నోటివైపే చూస్తోంది. అమ్మమ్మ చెప్పిన ఆ ఇంకో కంచం మనిషే ఈ ఉత్తరం రాసిందని నాకు గట్టిగా అనిపించింది. చెబితే అమ్మ ఏమైపోతుందోనని భయం. మామూలుగా చదివి, మడిచి, మిగతా ఉత్తరాల కింద పెట్టేశాను. ఆ రోజు నుంచి తపాలా మనిషి మా వీధిలోకి వస్తే నేను వంటింట్లోకి వెళ్లేదాన్ని.

మా బళ్లకు ఎండాకాలం సెలవులిచ్చిన మూడో వారం, బంధువుల ఇంట్లో పిల్ల పేరు పెట్టే వేడుకకు లత్తేరి వెళ్లాం. అక్కడ అమ్మ పక్కన భోజనానికి కూర్చున్నావిడ భర్త కూడా చిత్తూరు దగ్గరే మాస్టరు. ఆయన కూడా వచ్చి మగవాళ్ల పంక్తిలో కూర్చుని ఉన్నాడు. ఆయనకు ఎట్లా సెలవు దొరికిందని అమ్మ అడిగింది. అటువైపు ఎండాకాలం సెలవు తగ్గించారు కదా అంది.

ఆవిడ తినడం ఆపి అమ్మవైపు చూసింది. "ఎవురు చెప్పినారమ్మా? మీకు మాదిరే మాకూ లీవు. దసరాకు కూడా పది దినాలు ఇచ్చినారే. ఏమీ మార్లేదు."

అమ్మ సరేనని తలూపి, మిగతా భోజనం పూర్తి చేసింది. పెరుగన్నం కూడా పెట్టించుకుంది. చేయి కడుక్కున్నాక చెల్లెలిని అమ్మమ్మకు అప్పగించి, తిరిగి గుడియాత్తం పొమ్మంది. నన్ను మాత్రం వెంట పెట్టుకుని కాట్పాడి వైపు పోయే బండి ఎక్కింది. తెలుగు బోర్డులు చదవడానికి నేను కావాలంది.

కాట్పాడిలో చిత్తూరు బండి కోసం రెండు గంటలు కూర్చున్నాం. రేకు కప్పు కింద గాలి లేదు. ఇక దాచలేక ఉత్తరం సంగతి అప్పుడు చెప్పేశాను. ఆ అక్షరాలు నాయనవి కావని, ఉగాదికి ముందే నాకు తెలుసని. అమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. నా భుజం మీది చేయి మాత్రం తీసి తన ఒళ్లో పెట్టుకుంది. చిత్తూరు చేరేదాకా ఆ చేయి మళ్లీ నావైపు రాలేదు.

హైస్కూలు గేటుకు తాళం ఉంది. నాయన పేరు చెప్పగానే కాపలా మనిషి కంగారుపడ్డాడు. ఆ మాస్టరు బడికి రాక చాలా నెలలైందని, ఊరి చివర తోట పక్క ఇంట్లో ఉంటున్నాడని చెప్పి దారి చూపించాడు. దారిలో అమ్మ ఒక్కచోట ఆగి కొంగుతో ముఖం తుడుచుకుంది, జుట్టు సర్దుకుంది. ఎవరో ఆడమనిషి తలుపు తీస్తుందని ఆమె సిద్ధపడుతోందని నాకు అర్థమైంది. నేనూ సిద్ధపడ్డాను.

తలుపు తీసింది ఒక ముసలాయన. ఇల్లు ఆయనదే. అమ్మను చూసి ఎవరని అడగలేదు. "వచ్చినావా తల్లీ. ఉండే సంగతి నేను రాస్తానంటే వద్దనినాడు. చేతులు వణకతా ఉంటే ఉగాది ముందరి ఉత్తరం మాత్రం నా చేత రాయించినాడు," అన్నాడు. పెరటి వైపు ఉన్న కొట్టం చూపించాడు.

నాయన నులక మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మంచం కింద మూత పెట్టిన మట్టి ముంత. మమ్మల్ని చూసి లేవబోయి లేవలేక, పైపంచె నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నన్ను గుమ్మం దాటవద్దని చేత్తో సైగ చేశాడు. దసరాకు ముందే రక్తం పడిందట, క్షయ అని తేల్చారట. మందులు తెచ్చిచ్చేది, గంజి కాచేది ఆ ముసలాయనేనట.

అమ్మ లోపలికి పోయి మంచం అంచున కూర్చుంది.

"దూరంగా కూచోవే," అన్నాడు నాయన. "చిన్నది నా ఎదమీద పండుకుంటాది కదా. అందుకే రాలేదు."

"పిల్లల్ని దూరం పెట్టండి, సరి. నన్నెందుకు పెట్టినారు?" అంది అమ్మ.

గుమ్మం బయట నిలబడి నేను ఏడ్చాను. అమ్మమ్మ చెప్పిన మనిషి లేనందుకు సంతోషపడాలో, అంతకంటే పెద్దదేదో ఆ కొట్టంలో కూర్చుని ఉన్నందుకు భయపడాలో తెలియలేదు.

మర్నాడే వేలూరు ఆసుపత్రికి తీసుకొచ్చాం. అప్పటికే రెండు ఊపిరితిత్తులూ చెడిపోయాయని డాక్టరు చెప్పాడు. సూదులు వేశారు. కొన్నాళ్లకు ఇంటికి పంపేశారు. మా పెరట్లో వేరే గది కట్టించి అమ్మే చూసుకుంది. చెల్లెలు కిటికీ అవతల నిలబడి పాటలు పాడేది. ఆయన పంచె అడ్డం పెట్టుకుని నవ్వేవాడు. నేను ఆ కిటికీ దగ్గరే ఆయనకు పేపరు చదివి వినిపించేదాన్ని. సెలవుల గురించి ఆయనా మాట్లాడలేదు, నేనూ అడగలేదు. అక్టోబరు వానల్లో పోయాడు.

ఆయన భయం ఉత్తది కాదు. మరుసటి ఏడు అమ్మకు సాయంత్రాలు జ్వరం రావడం మొదలైంది. ఫోటో తీస్తే ఎదలో మచ్చ కనిపించింది. ఎనిమిది నెలలు ఆసుపత్రిలో ఉంది. ఆమెకు మందులు పట్టాయి, బతికింది. పెద్దయ్యాక ఒకసారి అడిగాను, నాయనను ఇంటికి తెచ్చి తప్పు చేశానని ఎప్పుడైనా అనిపించిందా అని.

"ఆయన ఒక్కడే ఆలోచించి ఒక్కడే తీర్మానం చేసుకున్నాడు. నన్ను అడగలేదు. నాకుండే కోపం అదొక్కటే," అంది.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ జూన్‌లో బళ్లు తెరిచిన రోజు అమ్మతో నేనూ నడిచాను. దారిలో రెండుసార్లు ఆగింది. రెండోసారి గోడకు చేయి ఆనించి, కళ్లు మూసుకుని, ఊపిరి లెక్కపెట్టుకుంటున్నట్టు నిలబడింది. బడి గంట కొట్టడం వినిపించింది. ఆమె దగ్గుతుందేమోనని నేను చెవులు రిక్కించి నిలబడ్డాను. దగ్గలేదు. కొంగు సర్దుకుని మళ్లీ నడిచింది.