నీళ్ళ కోసం ఎత్తు పెంచిన కారు

ఇన్నాళ్ళూ నా మాట ఎవరూ విన్నది లేదు. కలకత్తా మెటియాబ్రుజ్‌లో మా సందులో వానాకాలమంతా మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయని వార్డు ఆఫీసులో ఎన్నిసార్లు చెప్పుకున్నానో. ఒకసారి అక్కడి గుమాస్తా నన్ను నిలబెట్టే టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, "నీళ్ళు అందరికీ ఉన్నాయి దాదా, మీ ఒక్కరికే కాదు" అని బెంగాలీలో అన్నాడు. నాకు కుర్చీ చూపించనైనా లేదు.

నా భార్యకు రెండు కిడ్నీలూ పనిచేయవు. వారానికి మూడుసార్లు డయాలసిస్. సందులో నీళ్ళుంటే క్యాబులు రావు. నిరుటి వానల్లో రిక్షాలో తీసుకెళ్తుంటే చక్రం గుంటలో దిగి ఆమె మురుగులో పడిపోయింది. సూదులు గుచ్చే చెయ్యి మాత్రం తడవకుండా పైకెత్తి పట్టుకుంది.

మా సందులో మంచాలన్నీ ఇటుకల మీదే ఉంటాయి, ఫ్రిజ్జులు కూడా. ఆ అలవాటుతోనే నా పాత కారునూ ఎత్తిద్దామనుకున్నాను. రేవు పనికి వచ్చిన శ్రీకాకుళం వాళ్ళింట్లో పుట్టిన మెకానిక్ ఒకడున్నాడు. అతని దగ్గరికి వెళ్ళాను.

"ఏటి దాదా, కారుకి కూడా ఇటుకలెట్టీమంతారా?" అని నవ్వాడు.

"నీళ్ళు దిగవు. కారైనా లేవాలి కదా."

"స్ప్రింగుల మీద దిమ్మలేసి ఎత్తుతాను. పెద్ద చక్రాలేస్తే తిప్పినప్పుడు మడ్‌గార్డుకి రాసుకుంతాయి, అంచు కోసెయ్యాల. ఆర్టీవో ఆఫీసులో ఈ మార్పు రాయించుకోండి మరి. పోలీసోలు పట్టుకుంటే నన్నని లాభం లేదు."

ఇంకో ఆఫీసులో నిలబడే ఓపిక నాకు లేదు. రాయించలేదు.

కారు వచ్చాక నా భార్య పీట వేసుకుని ఎక్కింది. "ఏనుగంబారీ కట్టించారేటండీ, అందరూ చూస్తన్నారు" అంది. ఈ ఏడు మొదటి వానకు నీళ్ళు సగం చక్రం దాకా వచ్చాయి. కారు ఆగలేదు. ఆసుపత్రి మెట్ల దగ్గర ఆమె పొడి చెప్పులతో దిగింది.

మొన్న డయాలసిస్ నుంచి వస్తుంటే ట్రాఫిక్ పోలీసు ఆపాడు. పాత చక్రాలు, పాత ఎత్తు పెట్టి చూపించేదాకా కారు రోడ్డెక్కకూడదని కాగితాలు తీసుకున్నాడు. వెనక సీట్లో ఉన్న ఆమె చేతి కట్టు చూపించాను. సందులో నీళ్ళ సంగతి చెప్పాను. "అది వార్డులో చెప్పుకోండి" అన్నాడు.

వార్డుకు వెళ్ళాను. అదే గుమాస్తా. కారు సంగతి తమది కాదన్నాడు. మరి నీళ్ళ సంగతో అంటే లేచి లోపలికి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఇవాళ పొద్దుట్నుంచి వాన ఆగలేదు. కారు గుమ్మం ముందే ఉంది, నడపడానికి లేదు. దించితే నీళ్ళలో ఆగిపోతుంది. రేపు డయాలసిస్. ఒకటి తప్పినా ఆమెకు ఊపిరాడదు, రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చుంటుంది. ఇప్పటికే కాళ్ళు వాచాయి.

నా కారు దించమనడానికి మనిషి దొరికాడు. ఈ నీళ్ళు దించడం ఎవరి పని? రేపు ఉదయం నా భార్యను ఈ సందులోంచి ఎలా బయటికి తీసుకెళ్ళాలి? మీలో ఎవరో ఒకరు నాకు జవాబు చెప్పండి.