అప్పగించడం

డెబ్బైల చివర్లో, నా పెళ్లయిన కొత్తలో, ఆళ్లగడ్డ నుంచి నంద్యాల పోయే బస్సులో నా పక్కన ఒక రిటైరైన ఇంగ్లీషు టీచరు కూర్చుంది. ఆమె ఒళ్లో బైబిలు తెరిచి ఉంది. యేసును శిష్యుడే శత్రువులకు అప్పగించాడన్న చోట నా చూపు ఆగిపోయింది.

"ద్రోహాన్ని అప్పగించడం అంటారేం మేడం?" అని అడిగాను.

"లాటిన్లో గూడా అంతేనమ్మా. అప్పగించడమనే ఒక్క మాట నుంచే ఇంగ్లీషు, ఫ్రెంచి, ఇటాలియన్లలో సంప్రదాయమనే మాటా, ద్రోహి అనే మాటా పుట్టినాయి."

నాకు ఏడుపు ఆగలేదు. నా భర్తకు ముందే ఇంకో భార్య ఉందనీ, "మీ నాయనకు చెప్పే చేసుకున్నాం" అని మా అత్త నిన్ననే అన్నదనీ చెప్పేశాను.

"అప్పగింతలప్పుడు మా నాయన శానా ఏడ్చినాడు మేడం."

"తెలిసే ఏడ్చినాడమ్మా," అంటూ ఆమె నా చెయ్యి పట్టుకుంది.

అంతవరకు ఆ ఏడుపును నా మీద ప్రేమే అనుకున్నాను.

నంద్యాలలో దిగి పుట్టింటికి పోలేదు. నాతో చదువుకున్న స్నేహితురాలి ఇంటికి నడిచాను. తర్వాత నాయన వచ్చి, ఆ వాకిట్లో నిలబడి పేరు పెట్టి పిలిచాడు. లోపలే ఉన్నాను. పలకలేదు.