ఎడమ చెప్పు వంతు

మదనపల్లెలో నాకంటే ముందు నా ఎడమ చెప్పుకు పేరొచ్చింది. ఎట్లాగో చెబుతాను, టీ చల్లారేలోపే ముగిస్తాను. ఒకచోట కుదురుగా కూర్చోవడం నాకు ఇప్పటికీ చేతకాదు.

2006 ఎండాకాలం. మాది పుంగనూరు. డిగ్రీ కాగానే మదనపల్లెలో గది తీసుకుని ప్లాట్లు అమ్మే పనిలో దిగాను. జీతం లేదు, అమ్మితే కమీషన్. మా వెంచర్ ఊరి చివర, గుట్టకింద కాలనీ దాటిన తర్వాత ఉండేది. ఆ కాలనీ పేరెత్తితే చాలు, జనం నన్ను పైనుంచి కిందికి చూసేవాళ్ళు. తాగుడు, కొట్లాటలు, పోలీసు జీపులు. ఆటోవాళ్ళు మలుపు దగ్గరే దింపేసి తిరిగి చూడకుండా పోయేవాళ్ళు. ఆరు నెలల్లో ఎనభై ప్లాట్లకు అమ్ముడైంది ఒకటే. కొన్నది నేనే. బైకు అమ్మి అడ్వాన్సు కట్టాను.

పిచ్చితో కాదు, లెక్కతో. నేను చేరినప్పుడు ఆటోలు మలుపు దగ్గర ఆగేవి. ఆరు నెలల తర్వాత ఇంకో రెండు వందల అడుగులు లోపలికి రావడం మొదలుపెట్టాయి. అడుగులేసి కొలిచాను. అక్కణ్ణుంచి నా ప్లాటు పన్నెండు వందల అడుగులు. అంటే మూడేళ్ళలో ఆటో నా గుమ్మం ముందు ఆగాలి. ఆటో వచ్చిందంటే వెనకాలే కారు, కారు వెనకాల డాక్టర్లు, లాయర్లు. గుట్టకింద కాలనీ పోష్ కాలనీ అయిపోతుంది. ఇదే లెక్క ఇంట్లో నాన్నకు కాగితం మీద వేసి చూపించాను. ఆయన కాగితం వైపు కాకుండా బైకు లేని వాకిలి వైపు చూశాడు.

ఇంకొక్క ప్లాటైనా అమ్ముడుపోకపోతే ఎనభైమందికి వేసిన లేఅవుట్‌లో నేనొక్కణ్ణే మిగులుతాను. రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు.

అప్పుడు దొరికాడు మునిరత్నం సార్. సొంతూరు కుప్పం, బెంగళూరులో ఉద్యోగం. మదనపల్లె చల్లగా ఉంటుందని, ఇక్కడ ఇల్లు కట్టుకుందామని భార్య కోరిక. సాయంత్రం నాలుగింటికి కారులో వస్తామన్నారు.

నేను పదింటికే సైకిలు మీద కాలనీకి చేరుకున్నాను. అంతా ఖాళీ. ఆడవాళ్ళందరూ టమోటా మార్కెట్ పనికి పోయారు. వీధి మొదట్లో కరెంటు స్తంభం నుంచి గోడ పొడవునా చెత్త. రాళ్ళు, ఇటుక ముక్కలు, పగిలిన మగ్గు, టైరు ముక్క, చీపురు కట్ట, అరిగిపోయిన చెప్పులు. కారు దిగేవాళ్ళకు మొదట కనపడేది అదే. పక్కింటి తోపుడు బండి తీసుకుని, ఒక్కొక్కటే ఎత్తి వీధి చివరి గుంతలో పడేశాను. ఎత్తుతూ లెక్కపెట్టాను కూడా. డెబ్బై ఒకటి.

నీడలో కూర్చున్న ఒక తాత చాలాసేపు చూసి అడిగాడు.

"యాలప్పా అవన్నీ తీస్తాండావు? మునిసిపాలిటీవోడివా?"

"కాదు తాతా. మునిసిపాలిటీ కంటే ముందు వచ్చినోణ్ణి."

ఆయన బీడీ ముట్టించుకుని వినోదం చూసేవాడిలా సర్దుకుని కూర్చున్నాడు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఆ తిరుగుడులో నా ఎడమ చెప్పు పట్టీ తెగింది. పోతూ కుట్టించుకుందామని దాన్ని స్తంభం కింద పెట్టి, సంచిలోని బూట్లు తీసి వేసుకుని, కుడి చెప్పును సంచిలో వేశాను. తర్వాత స్తంభం కిందిదాన్ని మరిచేపోయాను.

నాలుగింటికి కారొచ్చింది. ముందు వెంచర్ చూపించాను. ఆటోల లెక్క చెప్పాను. సార్ రెండుసార్లు తలాడించాడు. అడ్వాన్సు ఇచ్చేస్తాడనిపించింది. తిరిగొచ్చేటప్పుడు కాలనీ వీధిలోకి మళ్ళగానే ఎదురుగా నీళ్ళ ట్యాంకరు. ట్యాంకరు రోజు విడిచి రోజు వస్తుంది. ఎవరికి చూపించినా అది రాని రోజే తెచ్చేవాణ్ణి. ఆ రోజు కూడా రాని రోజని లెక్కేసుకునే సార్‌ను రమ్మన్నాను. ముందు రోజు డుమ్మా కొట్టిందని నాకెవరూ చెప్పలేదు.

ట్యాంకరు చుట్టూ బిందెలు, బిందెల వెనక ఆడవాళ్ళు, అందరి గొంతులూ ఒకేసారి. ఆ రాళ్ళు, చెప్పులు, మగ్గులు చెత్త కాదు. అది నీళ్ళ వరస. పనికి పోతూ పొద్దున్నే ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో వస్తువు పెట్టిపోతారు. ట్యాంకరు రాగానే ఎవరి రాయి దగ్గర వాళ్ళు నిలబడతారు. పోలీసు జీపులొచ్చే ఆ కాలనీలో ఆ రాయిని మాత్రం ఎవరూ జరపరు. నేను డెబ్బై ఒక్క ఇళ్ళ వరసను గుంతలో పోశాను.

తాత బీడీతో నా వైపు చూపించాడు. మార్కెట్‌లో గంపలు మోసే రెడ్డెమ్మ అనే పెద్దావిడ కారు దగ్గరికొచ్చి కిటికీ తట్టింది. దిగాను.

"నువ్వేనా తీసింది?"

"తప్పయిపోయిందక్కా. మొత్తం డెబ్బై ఒకటి. ఒక్కటీ పోలేదు, అన్నీ గుంతలోనే ఉన్నాయి."

"లెక్క బాగుండాది. వరస సెప్పు."

వరస నాకు తెలియదు. లెక్కలో పుట్టి పెరిగినవాణ్ణి, ఆ ఒక్కటీ చూసుకోలేదు.

ట్యాంకరు డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఎవరికి వాళ్ళు మేమే ముందంటున్నారు. ఇద్దరు అప్పుడే ఒకరి బిందె ఒకరు లాక్కుంటున్నారు. కారులోంచి సార్ భార్య దిగి, నా బూట్లకేసి చూసి, మెల్లగా అంది. "మా కుప్పంలో గూడా ఇంతేనయ్యా. పిల్లోళ్ళు గూడా ఆ రాళ్ళను ముట్టరు."

అంతలో రెడ్డెమ్మ చెయ్యెత్తింది. స్తంభం కింద ఒంటరిగా ఒక చెప్పు. వీధి మొత్తానికి మిగిలిన వస్తువు అదొక్కటే.

"ఇది ఎవురిది?"

నేను బూట్లలో కాలివేళ్ళు ముడుచుకున్నాను.

"ఆ బూట్లబ్బోడిదే" అన్నాడు తాత.

"అయితే మొదటి వంతు నీదే. పట్టు" అంది రెడ్డెమ్మ.

నాకొద్దు, మీలో ఎవరైనా పట్టుకోండి అన్నాను. ఎవరని డెబ్బై గొంతులు మళ్ళీ లేచాయి. రెడ్డెమ్మ నా చెయ్యి పట్టుకుని పైపు ముందు నిలబెట్టింది. నువ్వు పట్టుకుంటేనే నీ వెనకాల నేను వరస కడతానంది. నా దగ్గర బిందె లేదు. సార్ భార్య కారులోంచి లీటరు నీళ్ళ సీసా తెచ్చి, ఉన్న నీళ్ళు తాగేసి నా చేతిలో పెట్టింది. కాలనీ మొత్తం చూస్తుండగా, ట్యాంకరు గొట్టం కింద ఆ సీసా పట్టుకున్నాను. సీసా నిండేలోపు చొక్కా, ప్యాంటు, బూట్లు నిండాయి.

నా వెనక రెడ్డెమ్మ ఇంటి వరసన అందర్నీ నిలబెట్టింది. గొడవ సద్దుమణిగాక సార్ ఆవిణ్ణి అడిగాడు, ఈ ఏరియా బాగుపడుతుందా అని.

"బాగుపడితాది సార్. అప్పుడు మమ్మల్ని ఈడ ఉండనిస్తారా?"

సార్ నా వైపు చూశాడు. నేను వంగి బూట్లలోని నీళ్ళు వంపుకున్నాను. కారెక్కుతూ ఆయన, ఇక్కడికి కొళాయి వచ్చిన నాడు ఫోన్ చెయ్యమన్నాడు. సీసా మాత్రం సార్ భార్య వెనక్కి తీసుకోలేదు.

ఆ రోజు నుంచి నీళ్ళ వరసలో మొదటి చోటును కాలనీ మొత్తం 'ఎడమ చెప్పు వంతు' అనేది. తర్వాత రెండేళ్ళకు కూడా ఆటోలు అక్కడే ఆగేవి, ఆ రెండు వందల అడుగుల దగ్గరే. ఆ కాలనీలో అందరికంటే ముందు నేనే ఉంటానని లెక్కేశాను. లెక్క తప్పలేదు. అందరికంటే ముందే నిలబడ్డాను, చేతిలో బిందె లేకుండా.